వద్దన్న మాటలు

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
టైర్ల దుకాణం మీద మా ఆఫీసు.
పొద్దున ఆరింటికి కూర్చుని
నేను మాటలు కొంటాను.

"ఏసీ రిపేర్" ఏప్రిల్‌లో నాలుగు దిర్హాములు.
జూలై వచ్చేసరికి పదకొండు.
"ఏసీ రిపేర్ ఇప్పుడే" అంటే పద్నాలుగున్నర.
ఆ ఒక్క "ఇప్పుడే"కి మూడున్నర.
ఎవరింట్లోనో చంటిపిల్ల ఒళ్లంతా చెమటకాయలు,
వాటి ధర అది.

ఇక్కడి అరబ్బులు హరాజ్ అంటారు.
మా మెట్‌పల్లిలో హర్రాజు.
నిజామాబాద్ యార్డులో పసుపు కుప్ప పక్కన
రుమాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు.
ఎవడెంత పాడాడో పక్కవాడికి కనబడదు,
పసుపు తెచ్చిన మా బాపుకు అసలే కనబడదు.
ఇక్కడా అంతే. రుమాలే కొత్తది.

గెలిచినవాడు పై వరుసలో నిలబడతాడు.
వేలు తగిలితే పైసలు పోయినట్టే.
ఫోన్ చేసినా, చేయకపోయినా,
నిద్రమత్తులో బొటనవేలు జారినా.

ఎదురు వీధి కూలింగ్ కంపెనీ మున్నా
రోజూ చాయ్ తాగుతూ మమ్మల్ని నాలుగుసార్లు నొక్కేవాడు.
నేనూ వాడిని నొక్కేవాణ్ని, అబద్ధమెందుకు.
సాయంత్రం కరక్ బండి దగ్గర కలిస్తే
"ఎన్ని?" అనేవాడు.
నేను వేళ్లు చూపించేవాణ్ని.

ఈ జూలైలో మధ్యాహ్నానికే ఖాతా ఖాళీ.
ఫోన్ మాత్రం మోగదు.
"మున్నా ఒక్కడే ఇంత తినలేడు, చూడు" అన్నాడు సైదలవి సార్.
జనం వెతికిన మాటల చిట్టా తెరిచాను.

ఏసీ రిపేర్ హెల్పర్ పని
ఏసీ కంపెనీ షార్జా వీసా ఇస్తారా
ఏసీ మెకానిక్ జీతం రూము ఫ్రీ
ఏసీ పని ఎక్కడ నేర్చుకోవాలి

అన్నీ రాత్రి పదకొండు దాటాక.
చాలామటుకు సజ్జా క్యాంపుల వైపు నుంచి.
ఒక్కో నొక్కుకి పదకొండు దిర్హాములు
మేం కడుతున్నామని వాళ్లకు తెలియదు.
మెస్సులో రెండు పూటల అన్నం అది.
నేరుగా చేతికిచ్చినా బాగుండేది.

"వద్దను" అన్నాడు సార్.
వద్దన్న మాటలకు ఓ పెట్టె ఉంటుంది.
అందులో పడ్డ మాట ఎవరు అడిగినా
మేం కనబడం.

ఉద్యోగం. వేశాను.
జీతం. వేశాను.
వీసా, రూము, హెల్పర్.
"నేర్చుకోవాలి" దగ్గర
గీత మినుకుతూనే ఉంది, నా చేయి కదల్లేదు.

ఎనిమిదేళ్ల కింద, సజ్జాలో, పన్నెండు మంచాల గది.
పై మంచం నాది. పగిలిన అద్దం ఫోన్.
నేనూ ఇలాగే కొట్టాను,
రిపేర్‌లో ఓ అక్షరం తక్కువ, వర్క్‌లో ఇంకోటి తక్కువ.
పై వరుసలో ఈ కంపెనీయే వచ్చింది.
సైదలవి సారే ఎత్తాడు.
"నిచ్చెన మోస్తావా?" అన్నాడు. అంతే ఇంటర్వ్యూ.

పాత లెక్కల్లోకి వెళ్లి ఆ నెల వెతికాను.
అక్షరాలు ఊడిన నా మాట ఇంకా అక్కడే ఉంది.
నొక్కులు: ఒకటి.
ఖర్చు: రెండుంపావు దిర్హాములు.

నాకు పడ్డ పాట.

సార్ చెప్పినవన్నీ పెట్టెలో వేశాను.
"నేర్చుకోవాలి" కూడా.
ఊడిన అక్షరాల మాటను మాత్రం మళ్లీ కొన్నాను,
దానికి పోటీ ఎవడూ రాడు,
ముప్పై ఫిల్సులకే దొరికింది.
సార్‌కి చెప్పలేదు.
ఆ లెక్క మున్నా ఖాతాలో రాశాను.

మొన్న రాత్రి ఒంటిగంటకు ఎవరో నొక్కారు.
ఫోనైతే రాలేదు.
నిచ్చెనలు మోసేవాళ్లు మాకిప్పుడు నలుగురున్నారు,
ఐదోవాడి అవసరం నిజానికి లేదు.

అయినా రింగు గట్టిగా పెట్టుకునే పడుకుంటున్నాను.